మోతి నీళ్లు

దశరథం ట్రాక్టరు నడిపే రోజుల్లో చెరకు లోడుతో ఎక్కడ ఆగినా ముందు నీళ్ల కోసమే ఆగేవాడు. నిజాంసాగర్ కాలువ గట్టున తూము దగ్గర దిగి, దోసిళ్లకొద్దీ తాగి, తడిచేతులు నెత్తికి రాసుకుని మళ్లీ బండెక్కేవాడు. "గీయనకు కడుపు లేదు, కడుపుల చెరువున్నది" అని చెరకు కొట్టే కూలీలు నవ్వేవారు. ఇంజను పక్క రేకు మీద మోతి కూర్చునేది. గోధుమరంగు ఊరకుక్క, మెడలో ఒక మువ్వ. అదీ కాలువలోకి మూతి పెట్టి అతనితోపాటే తాగేది.

బోధన్ చక్కెర మిల్లు మూతపడ్డాక చెరకును దూరపు ఫ్యాక్టరీలకు తోలవలసి వచ్చింది. అక్కడి గేట్ల ముందు ట్రాక్టర్ల వరసలో పడిగాపులు కాసీ కాసీ దశరథానికి నడుం పట్టేసింది. మందుల షాపులో నొప్పి గోలీలు అడిగి తెచ్చుకునేవాడు. పొద్దున ఒకటి, మాపున ఒకటి, ఏళ్ల తరబడి అవే మింగాడు. బీపీ ఉందన్న సంగతి అతనికి తెలియదు. కాళ్లు వాచి, అన్నం సయించక, పడుకుంటే ఊపిరాడక నిజామాబాద్‌కు తీసుకుపోతే అప్పుడు చెప్పారు, కిడ్నీలు రెండూ పోయాయని.

అప్పటినుంచి వారంలో రెండుసార్లు ఎడపల్లి నుంచి నిజామాబాద్‌కు బస్సులో పోయి రక్తం శుద్ధి చేయించుకోవడమే అతని ఉద్యోగమైంది. అక్కడి నర్సు జ్యోతిరాణి మొదటిరోజే అతన్నీ, భార్య రేణుకమ్మనూ కూర్చోబెట్టి చెప్పింది.

"అన్నా, నీకు మూత్రం వస్తలేదు. తాగిన నీళ్లు ఎటు పోవాలె? ఒంట్లనే ఉంటయి. ఎక్కువైతే ఊపిరితిత్తులల్లకు ఎక్కుతయి. పొద్దుందాక రెండు గిలాసలు, గంతే. చాయ, చారు అన్ని అండ్లనే లెక్క. అక్కా, ఇగ నువ్వే సూసుకోవాలె."

రేణుకమ్మ బీడీలు చుడుతుంది. కత్తెరతో ఆకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టడంలో ఆమె చేతులు ఎంత ఆరితేరినవైనా, మొగుడికి నీళ్లు కొలిచి పోయడం మాత్రం ఆమెకు చేతకాని పనిలాగే ఉండేది. గ్లాసు నింపి, కాస్త వంపి, మళ్లీ కాస్త పోసి, చివరకు అతని ముఖం చూడకుండా ఇచ్చేది. అతను ఒక్కో గుక్కా నోట్లోనే ఉంచుకుని, చల్లదనం పోయాక మింగేవాడు.

ఎండలు ముదిరాక ఒకనాడు ఆమె బీడీలు చుట్టే తునికాకు మీద నీళ్లు చిలకరిస్తుంటే దశరథం అన్నాడు.

"రేణుకా, నీళ్లు నా కండ్ల ముందట పెట్టకే. నేనాగలేను."

"లోపల పెడుత తియ్యి."

"లోపలున్నా వస్త. వంటర్రకు తాళమెయ్యి. నువ్వు బీడీల కార్ఖానకు పోయినప్పుడు తాళంచెయ్యి నీ కొంగునే ఉండనియ్యి."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. అతను నవ్వులాట ఆడటం లేదు. ఆరోజు నుంచి ఇంట్లో నీళ్లు తాళంలో ఉన్నాయి. ఆకు తడపడమూ, తాను ఒక గుటక తాగడమూ అన్నీ ఆమె లోపలే, తలుపు దగ్గరకు వేసుకుని చేసేది.

ఆ వేసవిలోనే మోతికి జబ్బు చేసింది. ముసలిదైపోయి ఎక్కువగా పడుకునే ఉండేది. కాలెత్తి చాలాసేపు నిలబడి, నాలుగు చుక్కలు పోసి, అడుగు జరిగి మళ్లీ కాలెత్తేది. ఆ నాలుగు చుక్కలూ చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉండేవి. దశరథం దాన్ని ఆటోలో బోధన్ పశువుల దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు విజయశ్రీ ఆ పక్కనే కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులో పుట్టి పెరిగిన పిల్ల. మోతి పెదవి ఎత్తి చిగుళ్లు నొక్కి చూసింది. మెడ మీద తోలు పట్టి వదిలింది. తోలు ముడత వెంటనే సర్దుకోలేదు.

"ఒంట్లో నీళ్లు లేవండీ దీనికి. అసలు తాగుతోందా?"

"పెడుతున్నం డాక్టరమ్మా. వాసన సూసి ఎల్లిపోతది."

"దేంట్లో పెడుతున్నారు?"

"పాత పెయింటు డబ్బ కోసి పెట్టినం."

"అందుకే. ప్లాస్టిక్కు గీతలు పడితే జిగురు పడుతుంది, ఎంత కడిగినా వాసన పోదు. ఎండకి నీళ్లు కాగిపోతాయి. మనమైనా తాగుతామా? దీని ఉచ్చసంచిలో ఇసకలాంటిది చేరుతోంది. నీళ్లు బాగా తాగితేనే అది కొట్టుకుపోతుంది. తాగకపోతే రాయి కట్టి దారి మూసేస్తుంది, అప్పుడు నా చేతిలో ఉండదు. మూతి, మీసాలు అంచుకు తగలనంత వెడల్పు గిన్నె చూడండి. ఒరిగిపోకుండా బరువుగా ఉండాలి. నీడలో పెట్టండి. రోజూ కడగండి."

దశరథం ఒక్కో మాటా శ్రద్ధగా విన్నాడు. తనకు నీళ్లు తాగవద్దని చెప్పే డాక్టర్ల మధ్య తిరిగి తిరిగి, ఎవరినైనా బాగా తాగించమని చెప్పిన మనిషిని అతను చూడటం అదే మొదలు.

దవాఖాన నుంచి నేరుగా బజారుకు పోయి వెడల్పాటి స్టీలు గిన్నె తెచ్చాడు. మోతి తాగడానికి వంగగానే మెడలోని మువ్వ గిన్నె అంచుకు తగిలి టంగుమంది. అది అదిరిపడి వెనక్కు జరిగింది. మువ్వ విప్పేశాడు. మధ్యాహ్నానికి నీడ జరిగి ఎండ పడేసరికి గిన్నె ముట్టుకుంటే చురుక్కుమంది. నీడ ఎటు పోతే అటు గిన్నె జరుపుతూ ఒకరోజు గడిపాడు. పైగా అది తేలిక. మోతి కాలు తగిలి రెండుసార్లు బోర్లాపడింది. తర్వాత సిమెంటు తొట్టి తెచ్చాడు. అది కదలదు, నిజమే, కానీ కడగడానికి ఎత్తాలంటే దశరథం చేత కాదు. రక్తం శుద్ధికి సూదులు గుచ్చే ఎడమచేత్తో బరువు ఎత్తవద్దని నిజామాబాద్‌లో గట్టిగా చెప్పారు. కొత్త సిమెంటు వాసనకు మోతి దాని దగ్గరికే రాలేదు.

"ఇంట్ల పాత గంజు ఏదన్న పెడితె అయిపాయె. గీ కుక్క కోసం నువ్వు ఎండల తిరుగుడేంది?" అంది రేణుకమ్మ.

"దానికన్న తాగే యోగమున్నది. తాగనియ్యవే."



బోధన్ రోడ్డు పక్కన కుండలు అమ్మే ఆశన్న దగ్గరికి మోతిని వెంటబెట్టుకునే పోయాడు. రంగులు పూసిన పూలకుండీలు, మూతల కుండలు, నీళ్ల రంజన్లు వరసగా ఉన్నాయి. రంగు పూసినవి వద్దన్నాడు దశరథం. మూకుళ్ల దొంతి ముందు చతికిలపడి ఒక్కోటి తీసి, లోపల అరచేయి తిప్పి, పగుళ్లకోసం వేలితో కొట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"పిల్లను సూడవొచ్చినట్టు సూస్తున్నవ్ గదనే దశరథన్నా" అన్నాడు ఆశన్న.

"దీనికి నచ్చాలె గద."

చివరకు అడుగు మందంగా, నోరు వెడల్పుగా ఉన్న మూకుడు ఒకటి ఏరాడు. జారకుండా పట్టుకోవడానికి అంచు బొద్దుగా ఉంది, అతను ఒంటిచేత్తో ఎత్తగలిగేంత బరువుంది. ఆశన్న రంజన్‌లోంచి చెంబుడు నీళ్లు అందులో పోశాడు. ఎండిన మట్టి చుయ్యిమని తాగింది. వాసన గుప్పున లేచింది. మోతి వచ్చి, వాసన చూసి, నాలుక పెట్టింది. ఆపకుండా తాగింది. దశరథం దాని గొంతు కదలడమే చూస్తూ కూర్చున్నాడు. అతని కళ్లు చెమర్చడం ఆశన్న చూసి ముఖం తిప్పుకున్నాడు.

మూకుడును వెనకవాకిట్లో వేపచెట్టు మొదట్లో పెట్టారు. పొద్దున నల్లా రాగానే రేణుకమ్మ కడిగి నింపేది. కార్ఖానకు పోయేముందు మళ్లీ నింపి తాళం వేసుకుని పోయేది. కొన్నాళ్లు మోతి తేరుకుంది. తోక ఊపింది. ఆ మూకుడు చూసుకున్నప్పుడల్లా దశరథానికి తానింకా ఒక పనికొచ్చే పని చేశానన్న తృప్తి కలిగేది.

కానీ అతను మట్టిని గురించి ఒకటి ఆలోచించలేదు. మూకుడు బయటివైపు ఎప్పుడూ చెమ్మగా ఉండేది. నీళ్లు చల్లగా, కాలువ తూము దగ్గరి వాసనతో ఉండేవి. పెయింటు డబ్బాలోవైతే అతను కన్నెత్తి చూసేవాడు కాదు.

రేణుకమ్మ కట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానకు పోయిన ఒక మధ్యాహ్నం దశరథం చెట్టుకింద మంచం మీద పడుకుని ఉన్నాడు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. నిమ్మచెక్క నాకాడు. లవంగం చప్పరించాడు. ఏదీ పనిచేయలేదు. వేడిగాలికి కళ్లు మండుతున్నాయి. చేయి జార్చి మూకుడు బయటి చెమ్మకు వేళ్లు ఆనించాడు. ఆ వేళ్లతో పెదాలు తుడుచుకున్నాడు. తర్వాత మంచం దిగి, నేలమీద కూర్చుని, చెంప ఆనించాడు. ఆ తర్వాత ఏం చేశాడో అతనికి తెలుసు, కానీ చేసేముందు అనుకుని చేయలేదు. రెండు చేతులతో మూకుడు ఎత్తి తాగాడు. గొంతు నిండా, గుటక వెంట గుటక, ఎన్ని నెలలకో. మోతి లేచి వచ్చి అతని పక్కన నిలబడింది. కాలువ దగ్గర లాగే, అతని వంతు అయ్యేదాకా ఆగింది. అడుగున మిగిలినవి నాకి, మళ్లీ పోయి పడుకుంది.

ఆ సాయంత్రం ఖాళీ మూకుడు చూసి రేణుకమ్మ మురిసిపోయింది.

"అబ్బ, మొత్తం తాగిందే! డాక్టరమ్మ చెప్పింది నిజమే. గిన్నెలనే ఉన్నది మతలబు."

దశరథం రేపు చేయను అనుకున్నాడు. ఆ మర్నాడు నిజంగానే చేయలేదు. దాని తర్వాతి రోజు చేశాడు. మోతికని సగం ఉంచాలనుకునేవాడు. ఒకసారి నోరు పెట్టాక సగం ఎక్కడుందో అతనికి కనపడేది కాదు.

నిజామాబాద్‌లో బరువు చూసే మిషను ఎక్కినప్పుడు జ్యోతిరాణి ముఖం మారిపోయింది.

"అన్నా, గింత పెరిగినవేంది? నీళ్లు తాగుతున్నవా?"

"లేదమ్మా."

"నిజం చెప్పు."

"రెండు గిలాసలే."

ఆమె రేణుకమ్మ వైపు తిరిగింది. పక్క మంచాల వాళ్లందరూ చూస్తున్నారు.

"అక్కా, నీకే చెప్తున్న. అడిగిండని పోస్తున్నవా? గది ప్రేమ కాదు. గిట్లనే పోసుకుంట పోతే నీ చేతులతోటి నువ్వే సంపుకుంటవ్ అన్నను."

"నేను పొయ్యలే బిడ్డా. నా కొలత తప్పలే. వంటర్రకు తాళమేస్త."

"మరి గాలి తాగి పెరిగిండా?"

రేణుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయట బెంచీ మీదికి పోయింది. రక్తం శుద్ధి చేసే మిషను తిరుగుతున్నంతసేపూ దశరథం పైన ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకున్నాడు. జ్యోతిరాణిని పిలిచి నిజం చెబితే చాలు. నోరు తెరవలేదు. ఆ పూట ఎక్కువ నీరు తీయడంవల్ల కాళ్ల కండలు పట్టేసి కేకలు పెట్టాడు. రేణుకమ్మ పరుగెత్తుకొచ్చి పిక్కలు రుద్దింది.

ఇంటికొచ్చాక ఆమె తన చేతినే అనుమానించడం మొదలుపెట్టింది. అన్నంలో నీళ్లుంటాయేమోనని గంజి వార్చి, ఇంకా కాసేపు పొయ్యిమీద ఆరబెట్టేది. చారు మానేసింది. కూర వేపుడే. గ్లాసులో ఇంకో రెండు వేళ్లు తగ్గించింది. ఆ తగ్గిన రెండు వేళ్లకూ దశరథం మూకుడు దగ్గరకే పోయాడు. పొరుగింటి భాగ్యలక్ష్మితో రేణుకమ్మ గోడ మీదుగా చెబుతుండటం అతను మంచం మీదినుంచి విన్నాడు.

"ఇంట్ల ఒక్కటన్న మంచిగైతున్నదక్కా. మోతి మస్తు తాగుతున్నది."

మోతి మధ్యాహ్నాలు లేచి మూకుడు దాకా పోయి, పొడి అడుగును నాకి, తిరిగి వచ్చి పడుకునేది. దశరథం అటు తిరిగి పడుకునేవాడు.

ఒక పొద్దున మోతి లేవలేదు. పొట్ట రాయిలా బిగిసి ఉంది. ముట్టుకుంటే మూలిగింది. పచ్చటి నురగ కక్కింది. ఇద్దరూ ఆటో మాట్లాడుకుని బోధన్ తీసుకుపోయారు. మోతి తల దశరథం ఒళ్లో ఉంది.

విజయశ్రీ పొట్ట తడిమి పెదవి కొరుక్కుంది.

"దారి మూసుకుపోయింది. నీళ్లు తాగడం లేదా?"

రేణుకమ్మే జవాబు చెప్పింది. "తాగుతున్నది డాక్టరమ్మా. రోజు రెండు మూకుళ్లు ఖాళీ చేస్తది. నేనే నింపుత గద."

"అంత తాగి కూడా ఒళ్లు ఇలా ఎండిపోయిందంటే..." విజయశ్రీ మోతి మెడ మీద తోలు మళ్లీ పట్టి వదిలింది. "అయితే కిడ్నీలు ఎప్పుడో పోయుంటాయమ్మా. తాగినవి తాగినట్టే పోతుండి ఉంటాయి. అలాగైతే ఇప్పుడు గొట్టం వేసి దారి తెరిచినా దాన్ని బాధపెట్టడమే. బాధ లేకుండా పోయేలా ఇంజెక్షను ఇవ్వడం మంచిదేమో. మీరిద్దరూ ఆలోచించుకోండి."

రేణుకమ్మ మోతి చెవి నిమురుతూ ఏడవడం మొదలుపెట్టింది. దశరథం గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అది తాగలే" అన్నాడు.

"ఏమిటండీ?"

"మోతి తాగలే డాక్టరమ్మా. దానికి నీళ్లే లేకుండె. మూకుడుల నీళ్లు నేను తాగిన."

విజయశ్రీకి అర్థం కాలేదు. అతని ఎడమచేతి మీద ఉబ్బిన నరాలు, సూదుల మచ్చలు చూశాక అర్థమైంది. రేణుకమ్మకు మాత్రం మొదటిమాటకే అర్థమైంది. ఆమె ఏడుపు ఆగిపోయింది. అతని వైపు చూడలేదు.

"గొట్టం వేస్తాను" అంది విజయశ్రీ. "ముందు సెలైను పెడతాను. చూద్దాం."

గొట్టం వేశారు. నెత్తురు కలిసిన మూత్రం బొట్లు బొట్లుగా వచ్చి, తర్వాత ధార కట్టింది. మోతి పొట్ట మెత్తబడింది. మధ్యాహ్నానికి కళ్లు తెరిచి దశరథాన్ని చూసి తోక ఒకసారి కదిపింది.

తిరుగు ఆటోలో రేణుకమ్మ ఎడపల్లి దగ్గరపడుతుండగా రోడ్డు చూస్తూ అంది.

"తాగితె తాగినవ్. ఆ నర్సు పిల్ల నన్ను అందరి ముందట గన్ని మాటలంటుంటే సప్పుడు చెయ్యకుంట పండుకున్నవ్. నా చేతులతోటి నేనే సంపుతున్ననట. ఆరోజుకెల్లి నేను అన్నం గూడ పొయ్యిమీద ఎండవెట్టి పెడుతున్న."

"తప్పయింది."

"మాట్లాడకు."

విజయశ్రీ రోజూ రమ్మంది. రోజూ తీసుకుపోయారు. రేణుకమ్మ బీడీల పని పొరుగామెకు అప్పగించి మోతి దగ్గరే కూర్చుని చెంచాతో నోట్లో నీళ్లు పోసేది. మింగేది కొంత, పక్కకు కారిపోయేది కొంత. కొన్ని రోజులకు మోతి మూతి, కాళ్లు చల్లబడటం మొదలైంది. ఒక ఉదయం నల్లా వచ్చే వేళకు, ఆమె చెంచా పెట్టబోతే నోరు తెరవలేదు.

మోతి చచ్చిపోయిన సంగతి విజయశ్రీకి ఫోనులో చెప్పినప్పుడు దశరథం అడిగాడు.

"నేను దాని నీళ్లు తాగకుంటె బతికేదా డాక్టరమ్మా?"



"చెప్పలేనండీ" అంది ఆమె.

ఊరి వెనక కాలువగట్టు పక్కన బీడులో మోతిని పాతిపెట్టారు. గడ్డపార దశరథం ఎత్తలేడు. రేణుకమ్మే తవ్వింది. నేల గట్టిది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఆమె రవిక తడిసి వీపుకు అతుక్కుంది. మధ్యమధ్య ఆగి, గడ్డపార మీద వాలి రొప్పేది. పక్కన గట్టు మీద ఆమె తెచ్చుకున్న నీళ్ల సీసా ఉంది. ఆమె దాని వైపు చూడలేదు. మట్టి కప్పి, పైన రాళ్లు పేర్చి, చేతులు దులుపుకుని కూలబడినప్పుడు కూడా మూత తీయలేదు.

"తాగు" అన్నాడు దశరథం.

"ఇంటికి పోయినంక తాగుత."

"ఎండ దెబ్బ తాకుతది. నన్ను సూడకు. తాగు."

ఆమె అటు తిరిగి రెండు గుటకలు తాగింది. గొంతులో నీళ్లు దిగిన చప్పుడు అతనికి వినపడింది. సీసాను కొంగుకింద పెట్టుకుని అడిగింది.

"ఎట్లుంటదయ్యా? నీ దూప?"

ఇన్నాళ్లలో ఎవరూ అతన్ని దాహం ఎలా ఉంటుందని అడగలేదు. డాక్టర్లు ఎంత తాగాడో అడిగారు. జ్యోతిరాణి ఎవరు పోశారో అడిగింది. 

"నిద్రల గూడ ఉంటది" అన్నాడు. "కలల కాలువ వస్తది. ఒంగుత. నీళ్లు నోట్లెకు వచ్చేముందట తెలివొస్తది. రోజు గదే. నువ్వు పక్కన పండుకుని ఉంటవ్. నీ మీద కోపమొస్తది. నువ్వు తాగినవు గద, మంచిగ నిద్రవోతున్నవు గద అని. తెల్లారి నీ మొకం సూడలేను."

రేణుకమ్మ విన్నది.  క్షమించానని అనలేదు.

"లే. బస్సు పోతది" అంది.

ఆరోజు అతనికి డయాలసిస్ వంతు. చేతులకంటిన మట్టితోనే బస్సెక్కారు. బరువు చూసే మిషను మీద నిలబడగానే, జ్యోతిరాణి అంకె చూడకముందే దశరథం గొంతు పెంచి చెప్పాడు. పక్క మంచాల వాళ్లకూ వినపడేలా చెప్పాడు. కుక్కకు పెట్టిన నీళ్లు తానే తాగానని, ఇంట్లోదానికి ఏమీ తెలియదని, ఆమె కొలత ఏనాడూ తప్పలేదని. ఎవరూ నవ్వలేదు. కిటికీ పక్క మంచం మీది ముసలాయన తుకారాం, మహారాష్ట్ర సరిహద్దు నుంచి వచ్చేవాడు, ముఖం మీదికి దుప్పటి లాక్కున్నాడు. దుప్పటి కింద అతను ఏడుస్తున్నాడు.

జ్యోతిరాణి బయటికి పోయి బెంచీ మీద రేణుకమ్మ పక్కన కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో దశరథానికి తెలియదు. తిరిగి వచ్చి అతని చేయి తుడిచి సూది గుచ్చింది. గొట్టంలో ఎర్రగా రక్తం కదిలింది. నాలుక అప్పటికే అంగిటికి అంటుకుంది. ఇంటికి చేరాక రేణుకమ్మ కొలిచి ఇచ్చే గ్లాసుకు ఇంకా చాలా పొద్దుంది.